చెంబు కూడా పాఠమే



సెలవు రోజున మీ అబ్బాయో అమ్మాయో వంటింట్లో సామాన్లు తిరగేస్తూ కూర్చుంటే "పుస్తకం తియ్" అని కసరకండి. ఆ పావుగంటా చదువే అని నా అభిప్రాయం.

అటక మీది పాత ఇత్తడి చెంబునే చూడండి. మెడ సన్నగా ఉండబట్టి తడిచేతికీ పట్టు దొరుకుతుంది. నడుము గుండ్రంగా ఉండబట్టి నీళ్లు ఎక్కువ పడతాయి. అంచు బయటికి వంగి ఉండబట్టి ధార సాఫీగా పడుతుంది. మన ప్రభుత్వం ఆహ్వానంపై వచ్చిన అమెరికన్ డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదికలో, తాము ఇక్కడ చూసిన వస్తువులన్నిటిలోకీ ఎంతో మెచ్చుకున్నది ఈ చెంబునే. ఇది ఏ ఒక్కరి తెలివో కాదు, తరతరాలు వాడుతూ సరిదిద్దుకున్న రూపం అన్నారు. ఆ నివేదిక తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఏర్పడింది.

మిక్సీదీ అలాంటి కథే. విదేశీ మిక్సర్లు వాళ్ల వంటకు తగ్గట్టు చేసినవి. మన ఎండుమిర్చి, పసుపు కొమ్ములు, నానబెట్టిన మినప్పప్పు వాటికి పెనుభారం. 1960లలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు మన వంటకు తట్టుకునే గట్టి మోటారుతో సుమీత్ మిక్సీ తెచ్చారు. రోటి పచ్చడి జారులోకి వచ్చింది ఇలాంటి ఆలోచనల వల్లే.

ఈ విద్య నేర్పే ఎన్‌ఐడీ 2015లో మన గుంటూరు పక్కనే, నాగార్జున యూనివర్సిటీ ప్రాంగణంలో మొదలైంది. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ప్రవేశ పరీక్ష రాయవచ్చు. అయినా పేరెంట్స్ మీటింగ్‌లో మాకు ఎక్కువగా వినిపించే ప్రశ్న, "ఎంపీసీయా, బైపీసీయా?" అనే.

మార్కులు వద్దని నేననను. పిల్లలంతా డిజైనర్లు కావాలనీ అనను. కానీ డాక్టరైనా, ఇంజనీరైనా ఎదుటి మనిషి ఇబ్బందిని గమనించడం నేర్వాలి కదా! అది గైడ్లలో దొరకదు, ఇంట్లో దొరుకుతుంది.

ఈ ఆదివారం ఒక వస్తువును పిల్లల చేతికిచ్చి మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఇలాగే ఎందుకుంది? దీనితో ఎవరికి ఇబ్బంది? నువ్వైతే ఏం మారుస్తావు? తాతయ్యకు మందు సీసా మూత ఎందుకు రావడం లేదో, అమ్మమ్మకు గ్రైండర్ రాయి ఎత్తడం ఎందుకు కష్టమో వాళ్లనే అడిగి తెలుసుకోనివ్వండి.

జవాబులు ఇంగ్లీషులో రాసి తెస్తే దిద్ది ఇస్తాను. తెలుగులో చెప్పినా శ్రద్ధగా వింటాను.