కొనేది ఒకరు, బిల్లు కట్టేది ఇంకొకరు

ఏదైనా ఒక కంపెనీలో సర్వర్ల కొనుగోలు ఫైలు తెరిచి చూడండి. మూడు కొటేషన్లు, వాటితోపాటు ఒక పోలిక పట్టిక కనిపిస్తాయి. ప్రాసెసర్ పేరు, కోర్లు, మెమరీ, డిస్కు, వారంటీ, ధర, జీఎస్టీ, అన్నిటికీ గడులుంటాయి. ఆ యంత్రం అయిదేళ్లపాటు రాత్రనక పగలనక తాగబోయే కరెంటుకు మాత్రం గడి ఉండదు. పట్టిక తయారుచేసిన ఐటీ అధికారి నిర్లక్ష్యం వల్ల జరిగిందని అనలేం. కరెంటు బిల్లు ఆయన దగ్గరికి రానే రాదు. లిఫ్టు, దీపాలు, ఏసీలు, క్యాంటీన్ అన్నీ కలిసిన ఒకే అంకెగా అది పరిపాలన విభాగానికి వెళ్లిపోతుంది.

విద్యుత్ ఖర్చు సంస్థల ప్రాసెసర్ ఎంపికను మారుస్తుందా అని అడిగితే నా జవాబు ఇది: కొనే చేయి, బిల్లు కట్టే చేయి ఒకటే అయినచోట మారుస్తుంది. రెండూ వేరైనచోట, కరెంటు ఎంత ప్రియమైనా మార్చదు. మన పరిస్థితి ఎక్కువగా రెండోదే, దాన్ని సరిదిద్దుకోవాల్సిన సమయం వచ్చేసింది.

ఈ చిక్కు మనకు కొత్తేమీ కాదు. 2004 మేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సేద్యానికి ఉచిత విద్యుత్ వచ్చింది. ఆ నిర్ణయం ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది, దాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అయితే కెపాసిటర్ బిగించుకోండి, ఐఎస్ఐ మార్కు మోటారు పెట్టుకోండి అని విద్యుత్ సిబ్బంది ఎంత చెప్పినా ఊళ్లలో అది అంతంతమాత్రంగానే నడిచింది. తక్కువ కరెంటుతో ఎక్కువ నీరు తోడే మోటారుకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినందువల్ల రైతు చేతికి తిరిగి వచ్చేదేమీ లేదు మరి. సర్వర్లు కొనే అధికారిదీ అచ్చం ఆ రైతు పరిస్థితే.

ప్రాసెసర్ల చరిత్రలో ఈ సంగతి బాగా తేటపడిన కాలం 2003 నుంచి 2007 వరకు. అంతకుముందు పోటీ అంతా వేగం మీదే. ఇంటెల్ 2000 నవంబరులో తెచ్చిన పెంటియం 4ను ఏటా గిగాహెర్ట్జ్‌లు పెంచుకుంటూ పోవడానికే గీసుకుంది. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ వాటికి కావలసిన విద్యుత్ కూడా అదే లెక్కన తగ్గుతుందని 1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపించారు. మూడు దశాబ్దాలు పరిశ్రమ ఆ ధీమాతో బతికింది. 90 నానోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి ధీమా సడలింది. పని చేయకుండా ఊరికే కూర్చున్న ట్రాన్సిస్టర్ నుంచి కూడా కరెంటు కారడం మొదలైంది. 2004 మేలో ఇంటెల్ తన తర్వాతి చిప్ టేజస్‌ను మధ్యలోనే వదిలేసింది. పెంటియం 4 చివరికి 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. 2005లో వచ్చిన దాని రెండు కోర్ల సర్వర్ చిప్ జియాన్ ఒక్కటే 135 వాట్లు అడిగింది. రెండు ప్రాసెసర్ల సర్వర్లను ఒక ర్యాకు నిండా పేర్చితే ఆ ర్యాకుకు అన్ని ఆంప్‌లు ఇవ్వడం, ఆ వేడిని బయటికి తోలడం చాలా భవనాలకు చేతకాలేదు.

2003 ఏప్రిల్‌లో ఆప్టెరాన్ అనే సర్వర్ చిప్‌తో వచ్చిన పోటీదారు ఏఎండీకి ఇదే దారి తెరిచింది. మెమరీ కంట్రోలర్‌ను ప్రాసెసర్ లోపలే పెట్టడంతో విడి చిప్ తినే కరెంటు కూడా మిగిలింది. సర్వర్ల మార్కెట్‌లో ఊసే లేని ఆ కంపెనీ 2006 నాటికి ఇంటెల్ తరహా ఎక్స్86 సర్వర్ చిప్‌లలో దాదాపు నాలుగో వంతు చేజిక్కించుకుంది. అప్పటిదాకా ఇంటెల్ తప్ప మరొకటి ముట్టని డెల్ 2006 మేలో ఆప్టెరాన్ సర్వర్లు అమ్ముతామని ప్రకటించింది. ఆ మరుసటి నెలలోనే ఇంటెల్ 80 వాట్లకు మించని కొత్త జియాన్ 5100తో తిరిగి నిలదొక్కుకుంది. ఆ రూపకల్పనకు మూలం ల్యాప్‌టాప్‌ల కోసం ఇంటెల్ ఇజ్రాయెల్ బృందం చేసిన చిప్. బ్యాటరీని పొదుపుగా వాడటానికి పుట్టిన ఆలోచన సర్వర్ల గదిని గట్టెక్కించిందన్నమాట.

ఆ రోజుల కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మరొకటుంది. సన్ మైక్రోసిస్టమ్స్ 2005 చివర్లో అల్ట్రాస్పార్క్ టీ1 అనే చిప్ తెచ్చింది. ఎనిమిది కోర్లు, 32 థ్రెడ్లు, సుమారు 72 వాట్లు. దశాంశ లెక్కలకు మొత్తం చిప్‌లో ఒకే యూనిట్ ఉండేది కాబట్టి శాస్త్రీయ గణనలకు పనికిరాదు. కానీ వెబ్ సర్వర్ పనికి బ్రహ్మాండంగా సరిపోయింది. ఉత్తర కాలిఫోర్నియాకు కరెంటు ఇచ్చే పీజీ అండ్ ఈ సంస్థ 2006లో, పాత యంత్రాలు తీసేసి ఈ సర్వర్లు పెట్టుకున్న ఖాతాదారులకు ఒక్కో సర్వర్‌పై 700 నుంచి 1,000 డాలర్ల వరకు రాయితీ ఇచ్చింది. కరెంటు అమ్మేవాడే తక్కువ వాడండని డబ్బిచ్చాడు! అయిదేళ్లలో పరిపాలన విభాగానికి మిగలబోయే సొమ్ములో కొంత కొన్న రోజునే కొనుగోలు విభాగం ఖాతాలో పడింది. విడిపోయిన రెండు చేతులను కలపడానికి ఇంతకంటే సూటి ఉపాయం నేను చూడలేదు. మన డిస్కమ్‌లు ఎల్ఈడీ బల్బులు పంచినప్పుడు ఇలాంటి పనే చేశాయి, సర్వర్ల దాకా మాత్రం రాలేదు.

గూగుల్‌కు ఈ చిక్కే లేదు. సర్వర్లు కొనేదీ, కరెంటు కట్టేదీ ఒకే లెక్కల పుస్తకం. 2005లోనే ఆ సంస్థ ఇంజినీరు లూయిజ్ బారోసో ఒక వ్యాసంలో హెచ్చరించారు: ఒక్కో వాటుకు జరిగే పని పెరగకపోతే, యంత్రం ధరను దాని కరెంటు ఖర్చు దాటిపోయే రోజు వస్తుందని. 2007లో ఆయన, సహోద్యోగి ఉర్స్ హోల్జ్‌లే కలిసి ఇంకో సంగతి బయటపెట్టారు. సర్వర్లు ఎక్కువ కాలం తమ శక్తిలో 10 నుంచి 50 శాతం మధ్యే పనిచేస్తాయి. మంచి సర్వర్ అనుకున్నది కూడా ఖాళీగా ఉన్నప్పుడు నిండు పనిలో తాగే కరెంటులో సగం దాకా తాగుతూనే ఉంటుంది. అంటే పూర్తి వేగంతో చేసిన పరీక్ష చూసి ప్రాసెసర్ కొనేవాళ్లు, అది ఏనాడూ చేయని పనిని చూసి కొంటున్నారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అదే ఏడాది ఆ దేశ పార్లమెంటుకు ఇచ్చిన నివేదిక ప్రకారం 2006లో అక్కడి సర్వర్లు, డేటా సెంటర్లు వాడినది 6,100 కోట్ల యూనిట్లు. దేశం మొత్తం వాడకంలో ఒకటిన్నర శాతం.

ఇక మన రూపాయల్లో చూద్దాం. ఒక సర్వర్ సగటున 400 వాట్లు తీసుకుంటుందనుకుందాం. దాని వేడిని తీయడానికి ఏసీలు, యూపీఎస్‌లో పోయే నష్టం కలిపితే మన ఎండల్లో మామూలు కంపెనీ గదిలో అది 640 వాట్లు అవుతుందని వేసుకోవచ్చు. ఏడాదికి 8,760 గంటలు. దాదాపు 5,600 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే ఏడాదికి సుమారు 45 వేలు, అయిదేళ్లకు రెండు లక్షల 24 వేలు. అదే పనిని 300 వాట్లతో చేసే మరో సర్వర్ ఉంటే అయిదేళ్లలో 56 వేలు మిగులుతాయి. అది 40 వేలు ఎక్కువ ధర పలికినా నిజానికి చవకే. వంద సర్వర్ల మీద చూస్తే ఆ ఎక్కువ ధర పోనూ 16 లక్షల లాభం. కానీ ఎల్1 పద్ధతిలో, అంటే తక్కువ ధర కోట్ చేసినవారికే ఆర్డరు ఇచ్చే టెండర్‌లో, ఆ సర్వర్ మొదటి రోజే ఓడిపోతుంది. డిమాండ్ చార్జీలు, జనరేటర్ డీజిల్ నేను కలపనేలేదు.

ఈ లెక్కకు ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. చాలా సంస్థల్లో ప్రాసెసర్‌ను నిర్ణయించేది కరెంటూ కాదు, యంత్రం ధరా కాదు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ డేటాబేస్ జాబితా ధర ఒక్కో ప్రాసెసర్ లైసెన్సుకు 47,500 డాలర్లు. మామూలు ఎక్స్86 చిప్‌లో రెండు కోర్లకు ఒక లైసెన్సు లెక్క. తగ్గింపులు వేరే సంగతి, జాబితా ప్రకారం ఒక్క కోరుకే ఇరవై లక్షల రూపాయలవుతుంది. విండోస్ సర్వర్ కూడా 2016 నుంచి కోర్ల లెక్కకు మారింది. అలాంటప్పుడు తక్కువ కోర్లు, ఎక్కువ వేగం, ఎక్కువ వాట్లు ఉన్న చిప్ కొనడమే తెలివైన పని. 56 వేల కరెంటు ఆదా అక్కడ ఏ మూలకూ చాలదు. డేటాబేస్ సర్వర్ల విషయంలో ఈ వాదనను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ వెబ్ సర్వర్లు, నిల్వ సర్వర్లు, లినక్స్ మీద నడిచే సొంత సాఫ్ట్‌వేర్, వీటికి ఆ అడ్డు లేదు. వాటికీ అదే చిప్ అలవాటుగా కొనేస్తున్నారు.

క్లౌడ్‌కు మారిపోతే ఈ బాధ తప్పుతుందంటారు. కొంతవరకు నిజమే. అమెజాన్ 2018లో గ్రావిటాన్ పేరుతో ఆర్మ్ ఆధారిత సొంత చిప్ పెట్టింది. గూగుల్‌కైతే 2013లోనే భయం పట్టుకుంది: జనం రోజుకు మూడు నిమిషాలు గొంతుతో వెతికితే చాలు, డేటా సెంటర్లను రెట్టింపు చేయాల్సి వస్తుందని. ఆ భయం నుంచే టీపీయూ అనే సొంత చిప్ పుట్టింది, 2015 నుంచి గూగుల్ కేంద్రాల్లో పనిచేస్తోంది. చిప్‌లు కొనే కంపెనీలు చిప్‌లు గీసుకునే కంపెనీలుగా మారడానికి కరెంటు ఒక ముఖ్య కారణం. అయితే క్లౌడ్‌లో అద్దెకుండే సంస్థకు యూనిట్లు కనబడవు, గంటకింత అనే అద్దె ఒక్కటే కనబడుతుంది. అందుకే వాడకం మానేసిన వర్చువల్ మెషీన్లు నెలల తరబడి వెలుగుతూనే ఉంటాయి.

ఏఐ వచ్చాక లెక్క మళ్లీ తిరగబడింది. ఎన్విడియా ఏఐ చిప్ హెచ్100 ఒక్కటి 700 వాట్ల దాకా తీసుకుంటుంది. చల్లబరిచే ఖర్చు కలిపినా ఏడాదికి 80 వేల లోపే. చిప్ ధర చూస్తే ఇరవై లక్షల పైమాటే. ధరలో మూడు నాలుగు శాతమున్న బిల్లు గురించి ఎవరు ఆలోచిస్తారు? అయినా ఇవాళ ఆ పరిశ్రమలో అందరి నోటా వాటుకు ఎంత పని అనే మాటే. కరెంటు ప్రియమై కాదు, దొరక్క. ఆ తర్వాతి బీ200 వెయ్యి వాట్లకు చేరింది. 72 చిప్‌ల ర్యాకు ఒక్కటే సుమారు 120 కిలోవాట్లు అడుగుతోంది. కంపెనీ దగ్గర డబ్బుంది, భూమి ఉంది, గ్రిడ్ నుంచి కనెక్షన్ మాత్రం ఇన్ని మెగావాట్లే. ఆ హద్దు లోపల ఎక్కువ పని చేసే చిప్ ఎంత ధరైనా కొంటారు. ప్రపంచంలోని డేటా సెంటర్లు 2024లో సుమారు 41,500 కోట్ల యూనిట్లు వాడాయనీ, 2030కి అది 94,500 కోట్లకు చేరవచ్చనీ అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా.

ఇక్కడే ఇది మన ఇంటి విషయం అవుతోంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని, గిగావాట్ స్థాయి కేంద్రం కడతామని ప్రకటించింది. ఒక గిగావాట్ నిండుగా నడిస్తే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. హైదరాబాద్ చుట్టూ ఇప్పటికే పెద్ద క్లౌడ్ కేంద్రాలు వెలిశాయి. ఈ పెట్టుబడులు రావాలనే కోరుకునేవాణ్ని నేను. గూగుల్ లాంటి సంస్థ తన వాట్లను తనే కాచుకుంటుంది, దాని గురించి నాకు బెంగ లేదు. వాటి వెనకాల వచ్చే చిన్న కేంద్రాలు, ర్యాకులు అద్దెకు తీసుకునే వందలాది కంపెనీలు, సొంత గదుల్లో పాత యంత్రాలు నడిపే బ్యాంకులు, ఆస్పత్రులు, ప్రభుత్వ శాఖలు, నా బెంగ వీటి గురించి. విద్యుత్ రాయితీ ఇస్తే బిల్లు తగ్గుతుంది, దాంతోపాటే మంచి యంత్రం కొనాలన్న ఆలోచనా తగ్గుతుంది. రాయితీకి షరతు లేకపోతే పంపుసెట్ల దగ్గర చేసిన పొరపాటే సర్వర్ల దగ్గరా చేసినట్టు.

షరతులు పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఖాళీగా ఉన్న సర్వర్ ఎన్ని వాట్లు దాటకూడదో ఐరోపా సమాఖ్య 2020 మార్చి నుంచి చట్టంతో నిర్దేశించింది. 500 కిలోవాట్లు, ఆపైన ఉన్న డేటా సెంటర్లు తమ వాడకం వివరాలు ఇవ్వాలని 2023 నాటి ఆదేశం చెబుతోంది. జర్మనీలో 2026 జులై నుంచి మొదలయ్యే కొత్త డేటా సెంటర్ మొత్తం విద్యుత్, సర్వర్లకు చేరిన విద్యుత్తుకు 1.2 రెట్లు దాటకూడదు. మన వేడికి, ఉక్కకు 1.2 అనేది కష్టం కావచ్చు, మనకు తగిన అంకె మనమే పెట్టుకుందాం.

అంతకంటే ముందు ప్రభుత్వం తన టెండర్లతోనే మొదలుపెట్టవచ్చు. సర్వర్ కొటేషన్‌తోపాటు 10, 30, 50 శాతం పనిలో ఎన్ని వాట్లు తీసుకుంటుందో కొలిచిన కాగితం అడగాలి. అయిదేళ్ల యూనిట్ల ఖర్చును ధరకు కలిపి, అప్పుడు ఎవరు ఎల్1 అవుతారో చూడాలి. పెట్టె మీద రాసిన టీడీపీ, అంటే చిప్ వెలువరించే వేడి అంకె, దీనికి చాలదు, ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కో రకంగా లెక్కిస్తుంది. రాయితీ పొందే డేటా సెంటర్లేమో ఏడాదిలో ఎన్ని యూనిట్లు తీసుకున్నాయి, వాటిలో ఎన్ని సర్వర్లకు చేరాయి అనే రెండు అంకెలు బయటపెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు టారిఫ్ ప్రతిపాదనల మీద బహిరంగ విచారణలు జరుపుతాయి, అక్కడ ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. వచ్చే విచారణకు ఈ రెండు అంకెల కోసం నేను రాతపూర్వకంగా అడగబోతున్నాను. సర్వర్ల గదుల్లో పనిచేసేవాళ్లు తమ గది లెక్కలతో వచ్చి మాట్లాడితే మండలికి ఆ మాట ఇంకా బలంగా వినిపిస్తుంది.