రెండో పక్కన ఎవరి పాట?

ఏప్రిల్ 14 దగ్గర పడుతున్నదంటే మా ఊరి సంఘానికి మైకు గుర్తొస్తుంది. ఏడాదంతా మూలన పడి ఉన్న ఆంప్లిఫయర్ సరిగ్గా ఆ నెలలోనే గుర్రుమంటుంది. దాన్ని గోనెసంచిలో చుట్టుకొని మేం సుల్తాన్ బజార్‌కు బస్సెక్కుతాం. కోఠిలో దిగి, గుజరాతీ గల్లీలో స్పీకర్ల దుకాణాలన్నీ దాటుకొని సందులో సందుకు పోతే మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. కొత్తది కొనుక్కోమని చెప్పకుండా పాతదాన్ని విప్పి చూసే మనుషులు ఇప్పుడు అక్కడ కూడా తక్కువే.

ఈసారి పోయేసరికి ఆయన బల్ల మీద ఎవరిదో పాత రికార్డ్ ప్లేయర్ బాగవుతున్నది. పరీక్ష కోసం ఒక చిన్న రికార్డు పెట్టాడు. జానెడు కూడా లేదు, నిమిషానికి 45 చుట్లు తిరిగే రకం. ఏదో ఇంగ్లీషు పాట. మా చెవికి ఎక్కలేదు. ఆ సంగతి మొహంలో కనపడ్డట్టుంది. "ఠైరో మాస్టర్ సాబ్, అస్లీ మాల్ పీఛే హై" అని రికార్డును తిప్పేశాడు.

అసలు సరుకు నిజంగానే వెనక పక్కన ఉంది. ఒక ఆడమనిషి గొంతు. మొదట భయపడుతున్నట్టు మొదలై, దరువు అందుకున్నాక ఎవరికీ లొంగనంటూ లేచింది. మాట సగం అర్థం కాకున్నా సంగతి అర్థమైంది. లేబుల్ మీద చదివితే గ్లోరియా గేనర్ అని ఉంది. మొదటి పక్కన 'సబ్‌స్టిట్యూట్', రెండో పక్కన 'ఐ విల్ సర్వైవ్'. అంటే, నేను బతికి నిలబడతాను అని. ఆ రోజు ఆంప్లిఫయర్ బాగయింది గాని మా బుర్ర గుర్రుమనడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి ఈ రెండో పక్క పాటల కథలు వెతికి చదివాం. చదివినకొద్దీ మేం చేసిన ఒక తప్పు గుర్తొచ్చింది. దాని గురించీ చెబుతాం.

ముందు ఈ వ్యవహారం ఎట్లా నడిచేదో తెలియనివాళ్లకు రెండు మాటలు. రికార్డుకు రెండు పక్కలుంటాయి. కంపెనీవాడు అమ్మదలచుకున్నది మాత్రం ఒక్క పాటనే. దానికి 'ఎ' ముద్ర కొడతాడు, రేడియోకు పంపుతాడు, పత్రికల్లో ప్రకటన ఇస్తాడు. రెండో పక్కను ఖాళీగా వదలలేడు గనక చేతికందింది ఏదో ఒకటి అక్కడ పడేస్తాడు. అది 'బి'. 1960లలో ఫిల్ స్పెక్టర్ అనే అమెరికా నిర్మాతయితే ఇంకో అడుగు ముందుకేశాడు. రేడియోవాళ్లు పొరపాటున కూడా తిప్పి వేయకూడదని రెండో పక్కన కావాలనే పనికిమాలిన వాయింపులు పెట్టించేవాడు. అక్కడ మంచి పాట ఉంటే తన లెక్క తప్పుతుందని భయమన్నమాట!

గేనర్ సంగతి చూడండి. న్యూయార్క్ పక్కన న్యూవార్క్‌లో పుట్టిన నల్లజాతి గాయని. 1970ల నడుమ మంచి పేరొచ్చింది, తరువాత వెనకబడింది. 1978లో వేదిక మీద పడిపోయి వెన్నుకు ఆపరేషన్ చేయించుకుంది. నడుముకు పట్టీ బిగించుకొనే స్టూడియోకు వచ్చి ఆ పాట పాడింది. పాట రాసిన ఇద్దరిలో ఒకాయన, డీనో ఫెకారిస్, పెద్ద పాటల కంపెనీలో ఏండ్ల తరబడి పనిచేసి బయటకు పంపించబడ్డవాడు. రాసినవాడూ దెబ్బతిన్నవాడే, పాడినామే దెబ్బతిన్నదే. అటువంటి పాట కంపెనీకి రెండో పక్కకు పనికొచ్చింది. ముందు పక్కన 'సబ్‌స్టిట్యూట్' ఎందుకు పెట్టారంటే, దక్షిణాఫ్రికాలో ఒక బృందం పాడగా అప్పటికే అది అమ్ముడుపోయింది. ఒకసారి గెలిచిన గుర్రం మీదనే పందెం. చెడ్డ పాటని మేం అనం. కాని అది గేనర్ బతుకులోంచి వచ్చింది కాదు.

రెండో పాటను ముందుకు తెమ్మని చెబితే కంపెనీ వినలేదని గేనర్ తరువాతి కాలంలో చెప్పుకున్నది. అప్పుడేం చేశారు? రికార్డును న్యూయార్క్‌లోని స్టూడియో 54 అనే నాట్యశాలకు తీసుకుపోయి అక్కడి డిజె రిచీ కాజర్‌కు ఇచ్చారు. ఇప్పుడు మన ఊళ్లో డిజె అంటే బరాత్ ముందు పెట్టెలేసుకొని తిరిగే బండి. అప్పట్లో అది మనిషి పేరు, సూది చేతిలో ఉన్న మనిషి. ఆయన తిప్పి వేశాడు. ఆడేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగారు. అక్కడినుంచి రేడియోకు పాకింది. చివరికి కంపెనీయే దారికొచ్చి రెండో పక్కను మొదటి పక్క చేసింది. 1979 మార్చిలో అమెరికాలో మొదటి స్థానం. 1980లో గ్రామీ వాళ్లు డిస్కో రికార్డుకని ఒక బహుమతి పెట్టి దీనికిచ్చారు. ఆ బహుమతి ఆ ఒక్క ఏడే ఇచ్చారు, మళ్లీ లేదు.

డిస్కో అనగానే మా మిత్రుడొకరు ముఖం చిట్లించారు. "డబ్బున్నోళ్ల తైతక్కలు మన పత్రికల ఎందుకన్నా?" అన్నారు. ఆయనకు డిస్కో అంటే 1982 నాటి హిందీ 'డిస్కో డాన్సర్', 1984లో దాన్నే తెలుగులో తీసిన 'డిస్కో కింగ్', తళుకుల చొక్కాలు. తప్పు ఆయనది కాదు, మనదాకా వచ్చింది ఆ తళుకే. పుట్టిన చోట సంగతి వేరు. న్యూయార్క్‌లో నల్లవాళ్లు, స్పానిష్ మాట్లాడే వలసవాళ్లు, మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, ఇట్లా బయట తలెత్తుకొని తిరగలేనివాళ్లు రాత్రిపూట కలుసుకొని ఆడుకున్న గదుల్లో పుట్టింది డిస్కో. అది దేశమంతా పాకినాక 1979 జులై 12న షికాగో ఆటమైదానంలో డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చేశారు. రికార్డు ఒకటి తెచ్చినవాళ్లకు టికెట్ 98 సెంట్లే. ఆ రోజు అక్కడ పనిచేసిన ఒక నల్ల కుర్రాడు తరువాత చెప్పిందేమంటే, జనం తెచ్చిన వాటిలో చాలా రికార్డులు అసలు డిస్కోవే కావు, ఏవో నల్లవాళ్ల పాటలు. మైదానంలో కోపం దేని మీదనో ఇంకా విప్పి చెప్పాలా?

ఇక గేనర్ పాట ఒంటరిది కాదు. చాలామంది మొట్టమొదటి డిస్కో రికార్డని చెప్పేదే రెండో పక్క పాట! 1972లో ఆఫ్రికా దేశాల ఫుట్‌బాల్ పోటీలు కామెరూన్‌లో జరిగాయి. ఆ పోటీల గీతం చేయమని ఆ దేశంవాడైన మను దిబాంగోకు అప్పగించారు. గీతం మొదటి పక్కన పెట్టి, వెనక పక్కన తన ఊరి మకోస్సా దరువుతో 'సోల్ మకోస్సా' పెట్టుకున్నాడు. సర్కారు గీతం ఇవాళ ఎవరికి గుర్తు? వెనక పాట మాత్రం సముద్రం దాటింది. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ అనే పేటలో కరీబియన్ దీవులవాళ్ల రికార్డులమ్మే దుకాణంలో డేవిడ్ మాన్‌కుసో అనే ఆయనకు దొరికింది. తన ఇంట్లోనే నాట్యశాల నడిపిన మనిషి ఆయన. అక్కడ వేస్తే ఊరంతా దానికోసం వెతికింది. రికార్డులు దొరక్క, ఇతర బృందాలు అదే పాటను మళ్లీ వాయించి అమ్ముకున్నాయి. పదేండ్లకు మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'లో ఆ పాట పల్లవి పలుకులు వినపడ్డాయి. దిబాంగో నిలదీస్తే డబ్బుతో రాజీ అయింది. మేం చదువుకునే రోజుల్లో సుల్తాన్ బజార్ ఫుట్‌పాత్ మీద ఆ క్యాసెట్ కొన్నవాళ్లం, అందులో కామెరూన్ ఉందని మాకేం తెలుసు?

1977లో డోనా సమ్మర్ పాడిన 'ఐ ఫీల్ లవ్' కూడా అంతే. అమెరికా కంపెనీ మొదటి పక్కన ఒక నిదానమైన పాట పెట్టి దీన్ని వెనక్కు తోసింది. జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ జర్మనీలోని మ్యూనిక్‌లో దాదాపు అంతా మూగ్ యంత్రం మీద కట్టిన దరువు అది. ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో మొదటి స్థానానికి పోయింది. పెళ్లి బరాత్‌లో గుండె మీద కొట్టినట్టుండే యంత్రపు దరువుకు అమ్మమ్మ ఎవరంటే ఆ పాటను చూపించొచ్చు.

మన పక్క రాష్ట్రంవాడి కథ కూడా ఒకటుంది. బెంగళూరులో పుట్టిన బిద్దు ఇంగ్లండ్‌కు పోయి పాటలు కట్టాడు. 1974లో జమైకాలో పుట్టిన కార్ల్ డగ్లస్‌తో ఒక పాట రికార్డు చేస్తూ స్టూడియో సమయమంతా దానికే ఖర్చుపెట్టాడు. చివర పది నిమిషాలు మిగిలాయి. రెండో పక్కకు ఏదో ఒకటి కావాలి గదా అని గబగబా కొట్టేసిన పాట 'కుంగ్‌ఫూ ఫైటింగ్'. ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో, అమెరికాలో రెండుచోట్లా మొదటి స్థానం. ఇక్కడ తిప్పింది మాత్రం కంపెనీ మనిషే, రాబిన్ బ్లాంచ్‌ఫ్లవర్. రెండూ విని, ఇదే ముందు పక్కన ఉండాలని పట్టుబట్టాడు. చెవి ఉన్నవాడు ఎక్కడున్నా ఒప్పుకోవాలె. ఆ బిద్దుయే 1980లో 'ఖుర్బానీ' సినిమాకు 'ఆప్ జైసా కోయీ' కట్టింది.

మిగిలిన పది నిమిషాలు అన్న మాట దగ్గర మాకు గొంతులో ముల్లు పడ్డట్టయింది.

1998. అప్పుడు మేం హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. చందాలు పోగుచేసి ఊరి సంఘం తరఫున ఒక క్యాసెట్ తెద్దామనుకున్నాం. సుల్తాన్ బజార్‌లో మేడమీద గది, గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టి స్టూడియో అన్నారు. గంటల లెక్కన కిరాయి. ఊరినుంచి మా వాడకట్టు అవ్వ, ఆమె వెంట నలుగురు ఆడవాళ్లు, డప్పు పట్టుకొని ఒక తమ్ముడు వచ్చారు. పొద్దటినుంచి వాళ్లు గోడవారకు కూర్చునే ఉన్నారు. ముందు నాయకుని ఉపన్యాసం. దగ్గొస్తే మళ్లీ మొదటినుంచి. తరువాత మా కవిమిత్రుని పాటలు రెండు, హార్మోనియం సరిపోలేదని నాలుగైదు సార్లు. ఒకటో పక్క నిండేసరికి పొద్దుగుంకింది. కిరాయి గంటలు అయిపోవచ్చాయి. అప్పుడు మేం అన్నమాట మాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అవ్వా, టేపు మిగిలింది, మీరు గూడ ఏదన్న పాడుండ్రి."

ఏదన్నా! అవ్వ నీళ్లు కూడా అడగలేదు. కొంగు నడుముకు చెక్కుకొని మొదలుపెట్టింది. ఏడు పాటలు, ఒక్క దమ్ములో. నాటు పాట, దొర ఇంటి వెట్టి మీద పాట, తాగొచ్చి కొట్టే మొగనిమీద పాట. నవ్వించి ఏడిపించింది. యంత్రం దగ్గరి పిల్లగాడు బీడీ ఆరిపోయినా చూసుకోలేదు.

క్యాసెట్ ఊరికి చేరింది. ఆటోలో, చాయ్ దుకాణంలో, పెండ్లి పందిట్లో ఎక్కడ విన్నా రెండో పక్కే. మా ఇంట్లో కాపీకి ఒకటో పక్క కొత్తది కొత్తగానే ఉంది, రెండో పక్క అరిగి గొంతు వణకడం మొదలైంది. జనం తిప్పేశారు. మేం మాత్రం తిప్పలేదు. మళ్లీ కాపీలు కొట్టించినప్పుడు కూడా అదే వరుస. అట్ట మీద ఒకటో పక్కన పేర్లన్నీ లావు అక్షరాల్లో. రెండో పక్కన రెండే మాటలు: 'ఇతర పాటలు'.

అవ్వకు చదువు రాదు. బడికి పోయే మనవరాలు చదివి చెప్పిందట. మమ్మల్ని పిలిచి కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగింది. "ఇతర అంటె ఎవరు బిడ్డా?" చదువుకున్నవాళ్లం గదా, అచ్చులో జాగా చాలలేదని చెప్పాం. లాభం కోసం పాటలమ్మిన అమెరికా కంపెనీలు కూడా రెండో పక్క మీద పాట పేరు, పాడినవాళ్ల పేరు, రాసినవాళ్ల పేరు అచ్చేశాయి. రికార్డు ఒకటి అమ్ముడైతే రాసినవాళ్లకు రెండు పక్కలకూ సమానంగా పైసలు లెక్కకట్టాయి. మేం ఆ పాటి కూడా చేయలేదు. అవ్వ పోయి ఇప్పటికి పన్నెండేండ్లు.

ఇక్కడ కొందరు తెలివైన మాట ఒకటి అంటారు. వెనక పక్కన ఎవరూ పట్టించుకోరు గనకనే అక్కడ స్వేచ్ఛ ఉంటుంది, మంచి పాట పుడుతుంది అని. వినడానికి బాగుంటుంది. దిబాంగో, బిద్దు కథల్లో కొంత నిజం కూడా ఉంది. కాని మనం చెప్పుకుంటున్నవి తిప్పిన రికార్డుల కథలే గదా. తిప్పేవాళ్లు లేక దుకాణాల్లో దుమ్ముపట్టిపోయిన రెండో పక్కలెన్నో వాటి పేర్లు కూడా మనకు తెలియవు. పాట ఎంత గట్టిదైనా తనంతట తాను తిరగదు, సూది దగ్గర ఒక చెయ్యి కావాలి. మన సభల్లో ఆ చెయ్యి సంఘం వాళ్లదే. అంటే మాదే.

ఈ ఏటి జయంతి కార్యక్రమం కాగితం మా ముందుంది. మా దస్తూరీయే. సాయంత్రం 6 గంటలకు 'ఆటపాట (అతిథులు వచ్చేవరకు)' అని రాసి ఉంది. బ్రాకెట్‌లో ఉన్నది చదవండి. పాడేది అవ్వ మనవరాలు, ఆమె జట్టు. అతిథి కారు ఊరి పొలిమేరకు వచ్చిందని ఫోన్ రాగానే పాట నడుమ మైకు గుంజుకుంటాం. ప్రతి ఏడూ ఇదే జరుగుతున్నది. పాట జనాన్ని పోగేస్తుంది, మాట ఆలోచన ఇస్తుంది అని మన కార్యకర్తలు వాదిస్తారు. ఆలోచన పాటలో ఉండదని ఎవరు చెప్పారు? 1906లో ఈ నగరంలోనే భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు మనవాళ్ల దగ్గరికి హరికథలతోనే పోయాడు. కథ అయిపోయినాక అసలు సంగతి చెబుతామని ఆపుకోలేదు.

ఉపన్యాసాలు వద్దని మేం అనడం లేదు. మేమూ మాట్లాడేవాళ్లమే, ఒకసారి మైకు దొరికితే ఇరవై నిమిషాలకు తక్కువ దిగం. అడిగేది ఇంతే. జట్టు పాటలు 8 గంటలకు, జనం నిండినాక పెట్టాలి. అతిథి ముందొచ్చినా కూర్చొని వినాలి. కరపత్రం మీద పాడేవాళ్ల పేర్లు ఉపన్యాసకుల పేర్లంత లావున అచ్చుకావాలి. దారిఖర్చులు వాళ్లకిచ్చినట్టే వీళ్లకూ ఇవ్వాలి. సంఘం సమావేశంలో ఈ మాట పెట్టాం. ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు నవ్వారు, మిగతావాళ్లు చూద్దామన్నారు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.

ఇంకొకటి. మా దగ్గరి 1998 క్యాసెట్ రెండో పక్క టేపు నలిగి తెగిపోయింది. సుల్తాన్ బజార్ మెకానిక్‌కు చూపిస్తే ఇంకో కాపీ దొరికితే ఫోన్‌లోకి ఎక్కించి ఇస్తానన్నాడు. మీ ఇండ్లల్లో, అటక మీద, పాత ఆటో డబ్బాల్లో ఎక్కడన్నా ఉంటే పత్రికకు కబురు చేయండి. అట్ట లేకున్నా సరే. ఒకటో పక్క చెడిపోయినా సరే.