పరిశోధన పొలం గట్టు దాకా రావాలి

"డిగ్రీ అయ్యాక ఏం చేస్తావు?" అంటే భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఊళ్ళో వినిపించే జవాబులు రెండే: గ్రూప్స్ రాయడం, లేదా టీచరు ఉద్యోగం. పి.హెచ్.డి. తర్వాత కూడా నెలనెలా భృతి తీసుకుంటూ పరిశోధన చేయవచ్చనీ, డాక్టర్లు వైద్యం చేస్తూనే పరిశోధనలో శిక్షణ పొందవచ్చనీ తెలిసినవాళ్ళు బహు తక్కువ. మిత్రులారా, ఈ ఫెలోషిప్‌లు మనకు సంబంధించినవి కావనుకుంటే నష్టపోయేది మనమే.

భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. బోస్టన్ ఆసుపత్రిలో రాత్రి పనులు చేసి పొట్టపోసుకుంటూ, 1930లో హార్వర్డులో డాక్టరేటు పొందారు. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ ఆయన నాయకత్వంలోని ప్రయోగశాల నుంచి వచ్చిందే. అంత కష్టం అందరూ పడలేరు. ముప్పై ఏళ్ళదాకా చదువంటే రైతు ఇంట్లో ఎవరు భరిస్తారు? అందుకే ఫెలోషిప్ కావాలి.

ఇప్పుడు ఆ దారి ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో స్థాపించిన ఇండియా అలయన్స్ కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. శాస్త్రజ్ఞులకూ, వైద్యులకూ ఫెలోషిప్‌లు ఇస్తుంది. మూడో దశకు 1,500 కోట్ల రూపాయల వ్యయంతో 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

దీనివల్ల రైతుకేం లాభం అంటారా? పాముకాటు సంగతే చూడండి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలతో తయారవుతుంది. ఆ విషంలో ఎక్కువ భాగం తమిళనాడులోని ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందనీ, మందు అన్నిచోట్లా ఒకేలా పనిచేయదనీ బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌సి.లో కార్తీక్ సునగర్ బృందం చూపింది. ఆయనా ఇండియా అలయన్స్ ఫెలోషిప్ పొందినవారే! మరి మన మిరప తోటల్లో, పత్తి చేలల్లో తిరిగే పాము సంగతి తేల్చేదెవరు? కోయగూడేల్లోని సికిల్‌సెల్ జబ్బుకూ ఇదే ప్రశ్న. దాన్ని 2047కల్లా నిర్మూలించాలని 2023లో జాతీయ కార్యక్రమం మొదలైంది.

కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇలాంటి ఫెలోషిప్‌కు అభ్యర్థి ఒక్కడుంటే చాలదు, చోటిచ్చే సంస్థ కూడా ఉండాలి. ఈ కళాశాలలూ, వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ముందుకు రావాలి.

"వార్డులో డాక్టర్లే చాలకపోతే పరిశోధన దేనికయ్యా?" అని పెద్దలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కనుక ఫెలో వార్డులో ఉన్న డాక్టర్లకు అదనంగా రావాలి, ఒకరి స్థానంలో కాదు. వారంలో కొన్ని రోజులు రోగుల్ని చూడాలి, మిగతా రోజులు పరిశోధనకు వదలాలి. కోయ భాష వచ్చిన, చేను గట్లు తెలిసిన సైన్సు పట్టభద్రులను సహాయకులుగా తీసుకోవాలి. ఊరివాడు అడిగితే చెప్పే జవాబు, బయటివాడు అడిగితే చెప్పడు.

మన యూనియన్ చేయదగిన పని ఒకటుంది. ఫెలోషిప్ పొందిన ఒక పరిశోధకుణ్ణి వచ్చే ఏడు కాలేజీకి పిలుద్దాం. సన్మానాలు, శాలువాలు వద్దు. ఎలా దరఖాస్తు చేశారో, ఎంత భృతి వచ్చిందో, ఇంట్లోవాళ్ళను ఎలా ఒప్పించారో చెప్పమందాం. అడగడానికి నా దగ్గరే పది ప్రశ్నలున్నాయి.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి