శాపగ్రస్తులైన గ్రహాలకు మనపై పగ ఏల?

గత మాఘమాసంలో వేదాద్రి యోగానంద నరసింహస్వామి దర్శనానంతరం కృష్ణాతీరపు మెట్ల మీద కూర్చుని ఉండగా నందిగామ ప్రాంతపు రైతు ఒకరు పలకరించారు. చేతిలో పసుపు పూసిన జాతకపత్రం. "కుజుడు మా అమ్మాయి మీద పగబట్టాడండీ. మూడు సంబంధాలు తప్పిపోయినాయి" అన్నారు. ఎవరో దైవజ్ఞులు చెప్పిన శాంతిహోమం కోసం ఆ ఏటి మిర్చి సొమ్మంతా ధారపోసి, చాలక వడ్డీకి కూడా తెచ్చారట. హోమం జరిగింది. నాలుగవ సంబంధమూ తప్పింది. అప్పుడా దైవజ్ఞులు, శనిదృష్టి కూడా ఉన్నదని సెలవిచ్చారట!

ఆనాడు ఆయనకు నేను సరిగా చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

మొదటే ఒక మాట. నేను జ్యోతిషద్వేషిని కాను. జ్యోతిషం వేదపురుషునికి నేత్రం. సోమకాసురుని చెరనుండి విముక్తములైన వేదాలే పర్వతాకృతి దాల్చి స్వామిని శిరసున ధరించాయని చెప్పే వేదాద్రిలో కూర్చుని వేదాంగాన్ని నిందించే సాహసం ఎవరికి? కాని ఆ వేదాంగంలో ఏమున్నదో చూడవద్దా? లగధ మహర్షి పేర ప్రసిద్ధమైన వేదాంగజ్యోతిషం ఐదు సంవత్సరాల యుగాన్ని స్వీకరించి తిథి, నక్షత్ర, అయనాలను గణిస్తుంది. యజ్ఞానికి కాలనిర్ణయమే దాని ప్రయోజనం. అందులో ద్వాదశరాశులు లేవు, జన్మకుండలి లేదు, కన్యను దోషిగా నిలబెట్టే వాక్యం ఒక్కటీ లేదు. జాతకభాగం తరువాతి కాలంలో యవనుల సంపర్కంతో వృద్ధి పొందింది. వరాహమిహిరాచార్యుడు బృహజ్జాతకంలో రాశులకు యవననామాలను కూడా నిస్సంకోచంగా వాడాడు. బృహత్సంహితలో యవనులకు ఋషితుల్యమైన గౌరవమిచ్చాడు. విద్యను ఎక్కడనుండి గ్రహించినా దోషం లేదు. పరిగ్రహించిన విద్యకు వేదాజ్ఞ అనే ముద్ర వేసి పామరుణ్ణి భయపెట్టడమే దోషం.

ఇక పురాణాలకు వద్దాం. భయపెట్టేవారు ఆశ్రయించేది వాటినే కదా!

పురాణాలలో గ్రహదేవతల చరిత్రలు చదివినవారికి మొదట కలగవలసింది భయం కాదు, జాలి. చంద్రుడు దక్షపుత్రికలు ఇరువదియేడుగురిని వివాహమాడి రోహిణిని మాత్రమే ఆదరించి, మామగారి శాపంతో క్షయగ్రస్తుడయ్యాడు. తన రోగాన్ని తాను మాన్పుకోలేక ప్రభాసక్షేత్రంలో పరమేశ్వరుణ్ణి శరణువేడాడు. దేవగురువైన బృహస్పతి తన ధర్మపత్ని తారను చంద్రుడు కొనిపోతే నివారించలేకపోయాడు. ఆ కలహంలో జన్మించినవాడే బుధుడు. శుక్రాచార్యుడు బలిదానానికి అడ్డుపడి కన్ను పోగొట్టుకున్నాడు. శనైశ్చరుని దృష్టి భార్యాశాపఫలమని బ్రహ్మవైవర్తం చెబుతుంది. రాహుకేతువుల సంగతి సరేసరి, ఒకనికి మొండెం లేదు, మరొకనికి శిరస్సు లేదు. తమ గృహచ్ఛిద్రాలను తాము సరిదిద్దుకోలేని వీరు మన ఇంటి పిల్ల మీద పగ పూనుతారా?

ఈ గాథలలో ఆకాశం కూడా ఉన్నది. ఇరువదియేడుగురు భార్యలు ఇరువదియేడు నక్షత్రాలు, క్షయం కృష్ణపక్షం. శనిని కుంటివాడన్నది ఆయన రాశిచక్రాన్ని చుట్టిరావడానికి సుమారు ముప్పది ఏళ్లు పట్టడం చేతనే. శనైః చరతి, మెల్లగా నడుస్తాడు గనుక శనైశ్చరుడు. రాశికి రెండున్నర చొప్పున మూడు రాశులకు ఏడున్నర ఏళ్లు, అదే ఏలినాటి శని. నడకను బట్టి వచ్చిన పేరును మనం పగగా మార్చుకున్నాం. గ్రహణకారణం భూచ్ఛాయ, చంద్రచ్ఛాయలేనని ఆర్యభటుడు నిర్ణయించాడు. వరాహమిహిరుడూ అంతే. రాహువు శిరస్సు కథ వారికి తెలియక కాదు.

మన తీరంలోనే ప్రత్యక్షనిదర్శనం ఉన్నది. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరం. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు వేదాద్రిలో, ముక్త్యాలలో స్నానం చేసినవారెవరూ తమ జాతకంలో గురువు ఎక్కడున్నాడని విచారించలేదు. పుష్కరగాథ ఏమంటుంది? బ్రహ్మ కమండలంలోని పుష్కరుణ్ణి తనతో పంపుమని బృహస్పతి ప్రార్థించాడట. ఇక్కడ గ్రహం యాచకుడు. సకలజనులకు తీర్థాన్ని వెంటబెట్టుకుని వచ్చే అతిథి. ఒక రాశిలో అడుగిడి ఒక నదినే పావనం చేసే గ్రహాన్ని చూసి కూడా, గ్రహమంటే దండం పట్టుకున్న భటుడని మనకెవరు నేర్పారు?

"యాజ్ఞవల్క్యస్మృతిలో గ్రహశాంతి లేదా?" అని ఆక్షేపించవచ్చు. ఉన్నది. రాజుల ఉత్థానపతనాలు గ్రహాధీనాలన్న మాట కూడా ఉన్నది, దాచను. కాని అదే ఆచారాధ్యాయం, ఒక్క చక్రంతో రథం నడవనట్లు పురుషకారం లేని దైవం ఫలించదని కూడా చెప్పింది. మొదటి వాక్యం వినిపించి రెండవదాన్ని మింగేవారు ఆ స్మృతికి భక్తులా?

ముముక్షువులకు ఇంకా పైమాట భాగవతంలో ఉన్నది. ఏకాదశస్కంధంలో అవంతీదేశపు భిక్షువు సర్వం కోల్పోయి, జనం ఉమ్మివేస్తుండగా విచారణ చేస్తాడు. నా సుఖదుఃఖాలకు జనులు గాని, దేవతలు గాని, గ్రహాలు గాని, కాలకర్మలు గాని హేతువులు కారు, మనస్సే హేతువు అని తేలుస్తాడు. గ్రహపీడ ఉన్నదే అనుకున్నా, అది పుట్టిన దేహానికే గాని పుట్టుక లేని ఆత్మకు కాదంటాడు. గ్రహాన్ని గ్రహమే పీడిస్తుందట, నీకేమి? నవగ్రహప్రదక్షిణం చేసే ప్రతివారూ ఆ ఇరువదిమూడవ అధ్యాయం చదివి బయలుదేరితే ఎంత బాగుండును!

ఇప్పుడు ఆ రైతుకు రావలసిన లెక్క. లగ్నం నుండి రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు స్థానాలలో కుజుడుంటే దోషమంటారు. పన్నెండింట ఐదు. అంటే పన్నెండుమంది పిల్లలలో ఇంచుమించు ఐదుగురు దోషులే! చంద్రుని నుండి, శుక్రుని నుండి కూడా లెక్కిస్తే మిగిలేవారు బహుస్వల్పం. అందుకే పరిహారాల, మినహాయింపుల పట్టిక అంత పొడవు. కుజుని జన్మ విషయంలోనే పురాణాలు ఏకవాక్యత వహించలేదు. శివుని స్వేదబిందువు వల్ల అని ఒకచోట, వరాహమూర్తి వలన భూదేవియందు అని మరొకచోట. రెండింటా ఆయన భూమిపుత్రుడే. నాగటిచాలులో దొరికిన సీతమ్మకూ కుజ అనే పేరున్నది. అంటే వరుసకు ఆయన సీతమ్మకు సోదరుడు. పేరు మంగళుడు.

అయ్యా, మీరు నేల దున్ని బతికేవారు. ఆ నేల కొడుకు మీ బిడ్డకు మేనమామ వరుస. ఆ పత్రాన్ని మడిచి దేవుని గూట్లో పెట్టండి. వచ్చే సంబంధంలో అబ్బాయి నడవడి, ఆరోగ్యం, అలవాట్లు విచారించండి, అమ్మాయి ఇష్టం అడగండి. వడ్డీకి తెచ్చిన సొమ్ము ముందు తీర్చండి. ఆ దైవజ్ఞులు మళ్లీ కబురు చేస్తే వెళ్లకండి.