ఫ్రిజ్‌లో రెండు డబ్బాలు

మా హాస్టల్ బ్లాకు మొత్తానికి ఒక్కటే ఫ్రిజ్. వార్డెన్ గారి ఆఫీసు గదిలో ఉంటుంది. అందులో మెస్ వాళ్ల పాల ప్యాకెట్లు, వార్డెన్ గారి పెరుగు గిన్నె, వాటి వెనక రెండు మందుల డబ్బాలు. ఒకటి సెకండియర్ మెకానికల్ తమ్ముడిది, ఇన్సులిన్. రెండోది నాది. అదేంటో చెప్పడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఈ వ్యాసం దాని గురించే.

నాది సెమాగ్లుటైడ్. బరువు తగ్గడానికి డాక్టర్ రాసిచ్చిన మందు. ఆదివారం రాత్రి పొట్ట మీద చిన్న సూదితో వేసుకోవాలి, వారానికి ఒకటే. మొదలుపెట్టినప్పుడు నా బరువు 118 కిలోలు, ఎత్తు 172 సెంటీమీటర్లు. లెక్కలు ఇష్టమైనవాళ్లు బీఎంఐ కట్టుకోండి, దాదాపు 40 వస్తుంది. లివర్‌లో కొవ్వు, షుగర్ బోర్డర్‌లో ఉంది. వయసు 20. ఇవన్నీ చూసే డాక్టర్ గారు రాశారు, నేను సరదాపడి కొనుక్కోలేదు.

ఇంట్లో చెప్తే మా నాయనమ్మ, "ఇంజెక్షన్లు దేనికిరా, రాత్రిపూట అన్నం మానేస్తే అదే పోద్ది" అంది. ఆవిడ ప్రేమతో అన్న మాటే. కానీ అదే మాట డిగ్రీలు ఉన్నవాళ్లు కూడా అంటారు. ఇంకొంచెం స్టైల్‌గా, "షార్ట్‌కట్ ఎందుకు మావా, డిసిప్లిన్ ఉంటే చాలు" అని.

కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకి ఒక పోలిక చెప్తా. శరీరం ఒక క్లోజ్డ్ లూప్ లాంటిది. బరువు తగ్గడం మొదలవగానే ఆకలి పెంచి, ఖర్చు తగ్గించి, పాత చోటుకి లాగడానికి చూస్తుంది. తిన్నాక పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వచ్చి మెదడుకి "చాలు" అని చెప్తుంది. ఆ హార్మోన్ రక్తంలో కొన్ని నిమిషాలే నిలబడుతుంది. దాన్ని పోలి ఉండి, వారమంతా నిలబడేలా తయారుచేసినదే ఈ మందు. 2021లో వచ్చిన స్టెప్-1 అనే పెద్ద అధ్యయనంలో 1961 మంది పాల్గొంటే, 68 వారాలకి మందు వాడినవాళ్ల బరువు సగటున 15 శాతం దాకా తగ్గింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసుకున్నవాళ్లది రెండున్నర శాతం లోపే. తిండి, వ్యాయామం మీద సలహాలు రెండు గుంపులకీ ఇచ్చారు. అంటే తేడా డిసిప్లిన్‌లో లేదు. అదే అధ్యయనం తర్వాత మందు ఆపేసినవాళ్లని ఏడాది చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. అంటే ఇది జ్వరం మాత్రలాంటి కోర్సు కాదు, బీపీ మందులాంటి వ్యవహారం.

ఇంత సైన్సు తెలిసి కూడా నేను దాచాను. ఎందుకంటే సైన్సు మన రూమ్ నంబరుకి రాదు, మాటలు వస్తాయి. ఫస్టియర్‌లో నా పేరు 'రోడ్ రోలర్'. అది భరించడం అలవాటైపోయింది. 'ఇంజెక్షన్ గాడు' అన్న రెండో పేరు భరించే ఓపిక లేక, డబ్బా మీద లేబుల్ పీకేసి ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి. ఒకరోజు ఇన్సులిన్ తమ్ముడు, నేను ఒకేసారి ఫ్రిజ్ దగ్గర తగిలాం.

"అన్నా, నీది కూడా ఇన్సులినేనా?"

"కాదు తమ్ముడూ, విటమిన్."

వాడు నా చేతిలో ఉన్న సూది ప్యాకెట్ చూసి, "విటమిన్‌కి ఫోర్ ఎమ్మెమ్ సూదా అన్నా?" అని నవ్వి, ఇంకేం అడక్కుండా వెళ్లిపోయాడు. తొమ్మిదో ఏట నుంచి రోజూ పొడుచుకుంటున్నవాడి దగ్గర సూది గురించి అబద్ధం ఆడాను చూడండి.

మూడో నెలలో అసలు కథ మొదలైంది. ఈ మందు మొదటి రోజే పూర్తి మోతాదు ఇవ్వరు. 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకి ఒక మెట్టు ఎక్కిస్తారు. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం, ఇవి ఎక్కువగా మెట్టు ఎక్కేటప్పుడే వస్తాయి. నేను 1 మిల్లీగ్రాముకి ఎక్కిన వారమే మిడ్స్. అంతకు ముందు రాత్రే డోసు వేసుకున్నా. ఒక ఫ్రెండ్ బర్త్‌డే, అందరం కలిసి బిర్యానీ. "ఏంట్రా, పెళ్లికూతురిలా మెతుకులు ఏరుకుంటున్నావ్" అని ఒకడు అన్నాడు. కారణం చెప్పలేను కాబట్టి తిన్నాను. పొట్ట ఖాళీ అవడం నెమ్మదించేలా చేసే మందు లోపల ఉండగా, నూనె ఓడే బిర్యానీ ప్లేటు నిండా.

రెండు రోజులు వాంతులు. రూమ్మేట్స్‌కి 'మెస్ ఫుడ్ పడలేదు' అని చెప్పా. రాత్రి ఒంటిగంటకి ఫోన్‌లో ఒక టెలిగ్రామ్ గ్రూపులో, పేరు లేకుండా, ఏం చెయ్యాలని అడిగా. పది నిమిషాల్లో అయిదు సమాధానాలు. ఒకాయన, "ఈ వారం వదిలెయ్, వచ్చే వారం డబుల్ వేస్కో" అన్నాడు. ఇంకొకాయన తన దగ్గర మిగిలిన పెన్ను సగం ధరకి ఇస్తానన్నాడు. ఆ గ్రూపులో మంచివాళ్లు లేరని అనను. కానీ నేను అప్పటికి ఎన్నిసార్లు వాంతి చేసుకున్నానో, పొద్దుట్నుంచి మూత్రం వచ్చిందో లేదో ఒక్కరూ అడగలేదు.

అది అడిగినవాడు ఇన్సులిన్ తమ్ముడు. బాత్రూమ్ తలుపు కొట్టి, "అన్నా, విటమిన్ పడలేదా?" అన్నాడు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఓఆర్‌ఎస్ కలిపి గుక్క గుక్క తాగించాడు. "డాక్టర్‌కి ఫోన్ చెయ్యి" అన్నాడు. పొద్దున్నే చేద్దాంలే అంటే, "కడుపులో నొప్పి విడవకుండా ఉందా? వీపులోకి పాకుతోందా? పాకుతుంటే ఇప్పుడే హాస్పిటల్‌కి పోదాం" అన్నాడు. అప్పటికే మందు పేరు చూసి కరపత్రం చదివేశాడు వాడు. అలాంటి నొప్పి పాంక్రియాస్ వాపుకి గుర్తు కావచ్చు. అరుదే కానీ, వస్తే ఆగకూడదు. నాకు నొప్పి లేదు. పొద్దున్నే డాక్టర్ గారికి వాడే నంబర్ కలిపి ఇచ్చాడు. ఆవిడ పరీక్షలు చేయించి, మోతాదు వెనక్కి దించి ఇంకో నాలుగు వారాలు అక్కడే ఉంచారు. అంతే. అడిగితే అయిదు నిమిషాల్లో తేలే సంగతి. అడగడానికి పక్కన ఒక మనిషి కావాల్సి వచ్చింది.

నా అభిప్రాయం ఇదీ. ఈ మందు ఆకలిని తగ్గిస్తుంది, ఒంటరితనాన్ని తగ్గించదు. పైగా కాస్త పెంచుతుంది కూడా. ఎందుకంటే మనకి స్నేహం అంటేనే తిండి. టీ కొట్టు, మిర్చి బజ్జీ, బర్త్‌డే బిర్యానీ, పండక్కి ఊరి నుంచి వచ్చిన అరిసెల డబ్బా. అక్కడ చెయ్యి వెనక్కి తీసుకున్నవాడు మనుషుల్లోంచి కూడా కొంచెం వెనక్కి పోతాడు. అందుకని ఈ మందు వాడేవాళ్లకి డాక్టర్‌తో పాటు సంగతి తెలిసిన ఒక తోడు ఉండాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. 1961లో న్యూయార్క్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి, డైట్ చీటీతో పని అవ్వక, కొందరు స్నేహితురాళ్లని ఇంటికి పిలిచి తాను దొంగచాటుగా తింటున్న బిస్కెట్ల సంగతి చెప్పేసింది. వాళ్లూ తమవి చెప్పుకున్నారు. 1963లో అది వెయిట్ వాచర్స్ అనే కంపెనీ అయింది. వ్యాపారం సంగతి పక్కన పెడితే, మొదటి రోజు ఆ గదిలో జరిగింది మాత్రం ఒకటే: ఒకరు నిజం చెప్పారు, మిగతావాళ్లు నవ్వలేదు.

'నీ ఆరోగ్యం నీ సొంత విషయం, ఊరంతా చాటడం ఎందుకు' అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎవరికీ చెప్పకుండా ఉండే హక్కు అందరికీ ఉంది. కానీ దాచుకోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. నేను రెండోది చేశాను. దాని ఫలితం ఇంకొకడు అనుభవించాడు.

17 కిలోలు తగ్గాక కారిడార్‌లో అందరూ "సీక్రెట్ ఏంటి మావా?" అనడం మొదలుపెట్టారు. "మార్నింగ్ వాక్, రాత్రి నో రైస్" అని హీరోలా చెప్పుకున్నా. పక్క వింగ్‌లో ఒక ఫస్టియర్ కుర్రాడు అది నమ్మాడు. నాలాంటి శరీరమే వాడిది. రోజూ అయిదింటికి లేచి నడిచాడు, రాత్రి తినడం మానేశాడు. రెండు నెలలకి తగ్గింది రెండున్నర కిలోలు. ఒకరోజు ల్యాబ్‌లో కళ్లు తిరిగి పడిపోయాడు. చూడ్డానికి వెళ్తే, "అన్నా, నువ్వు చేసినవే చేశాను. నాకే విల్‌పవర్ లేదేమో" అన్నాడు.

నా ఏడు నెలల రహస్యం బరువు అప్పుడు తెలిసింది నాకు. ఆ రాత్రి వాడికి మొత్తం చెప్పేశా. 'నువ్వు కూడా మందు వాడు' అని చెప్పలేదు, ఆ మాట చెప్పాల్సింది డాక్టరు. 'నీలో లోపం లేదు, నేను నీకు సగమే చెప్పాను' అన్నా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందే చెప్పుంటే బాగుండేదన్నా" అన్నాడు. నిజమే.

ఇప్పుడు మేం ముగ్గురం ఆదివారం రాత్రి టిఫిన్ అయ్యాక వాటర్ ట్యాంక్ మెట్ల మీద కూర్చుంటాం. ఒకడికి ఇన్సులిన్, ఒకడికి ఈ మందు, ఒకడికి ఏ మందూ లేదు. మందు ఒకటే అవ్వక్కర్లేదని, సిగ్గు ఒకటైతే చాలని అక్కడే అర్థమైంది. కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఇంకెవరైనా మొదలుపెడతారేమోనని రాస్తున్నా.

ఒకటి, డోసు గురించి సలహా ఇవ్వకూడదు. ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ఆపాలి అన్నది డాక్టర్ పని. 'డాక్టర్‌ని అడిగావా' అని అడగడం మా పని. రెండు, పెన్ను ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. సూది మార్చినా సరే, ఒకరి పెన్ను ఇంకొకరు వాడితే రక్తం ద్వారా వచ్చే జబ్బులు అంటుకునే ప్రమాదం ఉంది. మూడు, కిలోల పోటీ లేదు. ఎవరు ఎంత తగ్గారు అని అడగం. ఈ వారం ఎలా ఉంది అని అడుగుతాం. నాలుగు, ప్లేట్లో వదిలేసినవాణ్ణి బతిమాలం. కానీ గుడ్డు, పప్పు తిన్నాడో లేదో చూస్తాం. ఎందుకంటే తిండి తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అయిదు, మెట్ల మీద మాట మెట్ల మీదే.

మన దేశంలో ఈ కోవలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ 2025 జూన్‌లో వెగోవీ పేరుతో అమ్మకానికి వచ్చాయి. సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు మన దగ్గర 2026 మార్చితో సరి. ఆ గడువు కోసం చాలా కంపెనీలు వరసలో నిలబడ్డాయి, హైదరాబాద్ కంపెనీలతో సహా. ధర దిగితే వార్డెన్ గారి ఫ్రిజ్‌లో డబ్బాలు పెరుగుతాయి. అవసరం ఉన్నవాళ్లవీ ఉంటాయి, ఫేర్‌వెల్‌కి సన్నబడదామని చీటీ లేకుండా తెచ్చుకున్నవాళ్లవీ ఉంటాయి. అందరూ లేబుల్ పీకేసి దాచుకుంటే, ఎవరికి వాంతులు ఆగట్లేదో ఎవరికీ తెలీదు. కుటుంబంలో ఫలానా రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు ఇది వాడకూడదని కరపత్రంలో ఉంటుంది. చాటుగా కొన్నవాడికి ఆ ప్రశ్న అడిగేవాళ్లు కూడా ఉండరు.

కాలేజీని నేను అడిగేది పెద్దదేం కాదు. ఫ్రిజ్‌లో మందులకి తాళం ఉన్న ఒక చిన్న పెట్టె. డిస్పెన్సరీలో నవ్వకుండా వినే ఒక మనిషి. మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. ఎవడైనా సన్నబడితే "సీక్రెట్ ఏంటి" అనకండి, "ఎలా ఉన్నావ్" అనండి. సగం ప్లేటుతో లేచినవాణ్ణి వదిలెయ్యండి.

మా నాయనమ్మకి కూడా మొన్న పండక్కి ఇదంతా విడమర్చి చెప్పా. అంతా విని, "మరి ఆ షుగర్ పిల్లోడు జాగ్రత్తగా ఉంటున్నాడా?" అంది. వాడి కోసం వేరే డబ్బాలో కారప్పూస కట్టిచ్చింది.

నా డబ్బా మీద ఇప్పుడు లేబుల్ ఉంది. పేరు, రూమ్ నంబరు రాసి పెట్టా. ఆదివారం తొమ్మిదింటికి ట్యాంక్ మెట్ల దగ్గర ఉంటాం. ఎవరైనా రావచ్చు.

— మూడో సంవత్సరం, ఈసీఈ