కారు మీద లోతైన గీత పడితే

ఒకప్పుడు మన పల్లెల్లో కారు వచ్చిందంటే పిల్లలందరూ వెంట పరుగెత్తేవారు. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కున్న రైతు కుటుంబాలు, కారును బాడుగకు తిప్పి ఇల్లు గడుపుకొనే యువకులు మన మధ్యనే ఉన్నారు. అందుచేత ఈ నెల ఇంటి పనుల శీర్షికలో కారు రంగు గురించి నాలుగు మాటలు రాస్తున్నాము. ఇది మేము నష్టపోయి నేర్చుకున్న పాఠం.

కొన్నేళ్ళ క్రితం కావలి నుండి సముద్రం ఒడ్డునున్న ఒక పల్లెకు పెండ్లికి వెళ్ళాము. ఇరుకు దారిలో ఎదురుగా ట్రాక్టరు వస్తే, మా పాత తెల్ల మారుతి 800ను పక్కకు తీసి సర్కారు తుమ్మ కంపలోకి ఆనించాము. ముళ్ళు గీసిన గీతలు పైపైనే ఉన్నాయి. కాని నరికిన మోడు ఒకటి వెనుక తలుపు అడుగున జానెడు పొడవున రేకు కనబడేలా గీసింది. ఇంటికి వచ్చాక ఆ గీత మీద మైనం పాలిష్ రుద్దాము. గీత మసకబారింది. ఇక పని అయిపోయిందనుకున్నాము.

మన నెల్లూరు తీరంలో వానలు ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు పడతాయి. ఆ వానలు వెళ్ళి సంక్రాంతి వచ్చేసరికి గీత వెంట ఎర్రటి చార కారింది. మరుసటి ఏడు చుట్టూ ఉన్న రంగు పొక్కులు లేచింది. అప్పుడు షెడ్డుకు తీసుకువెళ్ళాము. పెయింటింగ్ మేస్త్రి పొక్కును స్క్రూడ్రైవరుతో గీకితే రేకు పొడిపొడిగా రాలింది. “గీత చిన్నదేనయ్యా, మీరు ఆగింది ఎక్కువైంది” అన్నాడాయన.

ఎందుకిలా అవుతుంది? కారు రంగు ఒకే పొర కాదు. ఇనుప రేకు మీద మొదట తుప్పును ఆపే ప్రైమరు ఉంటుంది. రేకును ప్రైమరు తొట్టిలో ముంచి విద్యుత్తుతో అంటించే ఈ పద్ధతి 1960 దశకంలో అమెరికాలో కార్లకు వాడుకలోకి వచ్చింది. దాని మీద నునుపు చేసే మరో పొర, ఆ పైన రంగు, అన్నిటికీ పైన అద్దంలాంటి క్లియర్ కోటు. ఇవన్నీ కలిసినా సుమారు 100 నుండి 150 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదో వంతు కంటె కాస్త ఎక్కువ. ఇంత పలచని తొడుగే రేకుకు కాపు.

తొడుగు చిరిగితే నీరు, గాలి రేకును తాకుతాయి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచి, తుప్పును త్వరపరుస్తుంది. తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక పక్కనున్న మంచి రంగును కూడ పైకి లేపుకుంటూ పోతుంది. మేము పూసిన మైనం గీతను దాచింది గాని రేకును కాపాడలేదు.

గీత ఎంత లోతో తెలుసుకోవడానికి ఆ చోటు కడిగి, ఆరబెట్టి, గోరుతో అడ్డంగా మెల్లగా గీయండి. గోరు తగలకపోతే అది పైపొరలోనే ఉన్నట్టు. రబ్బింగ్ కాంపౌండు, పాలిష్ చాలు. గోరు పట్టుకుంటే పాలిష్‌తో పోదు. అడుగున బూడిదరంగు కనబడితే ప్రైమరు దాకా వెళ్ళింది. మెరిసే లోహం గాని ఎరుపు గాని కనబడితే ఆలస్యం చేయవద్దు. ప్లాస్టిక్ బంపరుకు మాత్రం తుప్పు భయం లేదు, తీరికగా చేయించవచ్చు.

రేకు కనబడిన రోజునే షెడ్డుకు వెళ్ళలేకపోతే, ఆ చోటు శుభ్రంగా తుడిచి, బాగా ఆరనిచ్చి, టచప్ రంగు పూయండి. అదీ లేకపోతే ఇంట్లో ఆడపిల్లల గోళ్ళ రంగైనా పూయండి. ఇది కొద్దిరోజుల కాపు మాత్రమే. తరువాత దానిని గీకివేసి అసలు పని చేయించాలి.

చిన్న గీతను ఓపిక ఉంటే ఇంట్లోనే బాగుచేయవచ్చు. వానలు లేని రోజున, నీడలో చేయాలి.

మొదట సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. జిడ్డు, మైనం పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. కిరోసిన్ వద్దు, అది జిడ్డు మిగుల్చుతుంది. తుప్పు ఉంటే గరుకు కాగితంతో మెరిసే లోహం కనబడే వరకు తీయాలి. అంచులు చేతికి తగలకుండా జారుగా రుద్దాలి. వెంటనే ప్రైమరు పలచగా పూసి ఆరనివ్వాలి. గుంట ఉంటే పుట్టీ పెట్టి నునుపు చేయాలి. పుట్టీ తేమను పీలుస్తుంది గనుక దాని మీద మళ్ళీ ప్రైమరు తప్పదు. తరువాత 600, 800 నంబరు వాటర్ పేపర్లతో తడిపి రుద్ది, ఆరాక రంగును రెండు మూడు పలచని పూతలుగా వేయాలి. ఒకేసారి దట్టంగా వేస్తే కారుతుంది. చివర క్లియర్ కోటు. అది డబ్బా మీద రాసినంత కాలం గట్టిపడ్డాక 2000 నంబరు పేపరుతో తేలికగా రుద్ది, కాంపౌండుతో మెరుగు పెట్టాలి.

తెలుపులోనూ అనేక రకాలున్నాయి. రంగు కోడు తలుపు స్తంభం మీదనో బానెట్ కిందనో ఉండే చీటీ మీద చూడండి, లేదా డీలరును అడగండి. హార్డెనర్ కలిపి కొట్టే క్లియర్ కోటును మాత్రం ఇంటి దగ్గర కొట్టవద్దు. దానిలోని ఐసోసైనేట్లు ఉబ్బసం తెప్పించగలవు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగవు. ఆ పని తగిన ముసుగు, గాలి ఏర్పాటు ఉన్న షెడ్డుకే వదిలేయండి.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. సమగ్ర పాలసీలో గీతకు కూడ క్లెయిము అడగవచ్చు. అయితే క్లెయిము లేని ఏళ్ళకు వచ్చే రాయితీ మొదటి ఏడు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. చిన్న గీత కోసం క్లెయిము చేస్తే సాధారణంగా ఆ రాయితీ పోతుంది. మనం భరించవలసిన వంతు కూడ ఉంటుంది. రెండూ లెక్కవేసుకొని నిర్ణయించుకోండి.

ఇక మా కారు సంగతి. తలుపు అడుగు రేకు కోసి కొత్తది అతకాలని మేస్త్రి చెప్పాడు. మొదట చేయించి ఉంటే అయ్యే ఖర్చుకు అది ఎన్నో రెట్లు. అప్పుడే తెలిసినవారొకరు, “పుట్టీ నింపి రంగు కొట్టించి అమ్మేయండి, ఆరునెలలు ఎవరికీ తెలియదు” అన్నారు. నిజమే, తెలియదు. మేము రెండురోజులు ఆ మాటనే తలపోశాము, అబద్ధమెందుకు? కొనడానికి వచ్చినది కూలి డబ్బు కూడబెట్టుకున్న ఒక కుటుంబం. ఆ ఇల్లాలు తలుపు మీద చెయ్యివేసి, “రంగు బాగుందండి” అన్నది. ఇక దాచలేకపోయాము. తలుపు తెరచి అడుగు చూపించి, మరమ్మతుకు అయ్యే ఖర్చు ధరలో తగ్గించి ఇచ్చాము. నష్టమే. కాని వారు ఈనాటికీ మమ్మల్ని చూస్తే ఆగి పలకరిస్తారు.

పాత కారు కొనేవారికి చివరి సలహా. చిన్న అయస్కాంతాన్ని పలచని గుడ్డలో చుట్టి తలుపుల అడుగున, చక్రాల పైన ఆనించి చూడండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. దట్టంగా పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. అమ్మేవారు చెప్పని మాటను అది చెప్తుంది.

ఈ ఆదివారం సాయంత్రం మీ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. గీత కనబడితే వానలు రాకముందే దాని సంగతి చూడండి.