గద్దల లెక్క తప్పలేదు!
అమెరికాలోని పెన్సిల్వేనియాలో హాక్‌ మౌంటెన్‌ అనే కొండ ఉంది. ఏటా శరత్కాలంలో వేలాది డేగలూ గద్దలూ దాని మీదుగా దక్షిణానికి వలసపోతుంటాయి. ఒకప్పుడు వేటగాళ్లు అక్కడే కాపుకాసి వాటిని సరదాకి కాల్చిపడేసేవారు. 1934లో రోజలీ ఎడ్జ్‌ అనే మహిళ ఆ కొండను లీజుకు తీసుకుని వేట ఆపించారు. ఆమె నియమించిన కాపలాదారు, తుపాకులు పేలినచోటే పక్షుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

1935-39 మధ్య కనిపించిన బాల్డ్‌ ఈగిల్స్‌లో 40 శాతం ఏడాది పిల్లలే. ఒళ్లంతా ముదురు రంగులో ఉంటాయి కాబట్టి ఇట్టే గుర్తుపట్టొచ్చు. 1955-59 నాటికి అవి 20 శాతానికి పడిపోయాయి. పెద్దవి ఎగురుతున్నా గూళ్లలో పిల్లలు తగ్గిపోయాయన్నమాట! పురుగుమందుల ముప్పు గురించి 1962లో 'సైలెంట్‌ స్ప్రింగ్‌' రాసిన రేచల్‌ కార్సన్‌ ఈ లెక్కల్నే సాక్ష్యంగా చూపించారు. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. ఆ గద్దలు మళ్లీ పెరిగాయి. కొండమీద లెక్క మాత్రం ఇప్పటికీ ఏటా సాగుతూనే ఉంది.